విలన్‌కి తండ్రి వేషం

సంత మేసా, మనీలా
1978 సెప్టెంబరు 6

ఒలింపియా అక్కకి,

నువ్వు పంపిన ఎండుచేపల బుట్ట అందింది. దారిలో బస్సు కండక్టరు సగం తిన్నాడో, నువ్వే సగం పంపావో తెలియదు. మిగిలినవి కింద దర్జీ వాళ్ళావిడ వేయించి పెట్టింది. ఆ వాసనకి మా వీధిలో సగం మంది గుమ్మాల్లోకి వచ్చారు.

ఒక వార్త. ఇంకా ఎవరికీ చెప్పకు. నాకొక మంచివాడి వేషం వచ్చింది. తమాషా కాదు. నెస్తోర్ లక్సమానా అని కుర్ర దర్శకుడు, క్రిస్మస్ పండగ సినిమాల్లోకి ఒకటి తీస్తున్నాడు. ఆ పది రోజులూ మనీలా హాళ్ళన్నిటిలో మన సినిమాలే ఆడతాయి, పరాయి దేశాలవి ఉండవు. అందుకని దర్శకులంతా ఏడాదికి ఒక్కసారి మాత్రం తాము తీయాలనుకున్నది తీస్తారు. కథలో నేను రైలు పట్టాలు సరిచేసే కూలీని. పెళ్ళాం లేదు, ఒక్కతే కూతురు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళిన ఆ పిల్ల ఒకరోజు ఇంటికి రాదు. నేను వెతుకుతాను. సినిమా అంతా అదే.

“ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి కదయ్యా, నన్నెందుకు పెట్టుకుంటున్నావు?” అని అడిగాను. “మీ కళ్ళు బాగా అలిసిపోయి ఉన్నాయి, మేకప్పు అక్కర్లేదు” అన్నాడు. అది మెచ్చుకోలు అనుకోమన్నాడు కూడా.

పోయినేడు ఒక సినిమాలో విలన్‌కి ముందు పన్ను లేకపోతే బాగుంటుందంటే పీకించుకున్నాను కదా. ఇప్పుడు తండ్రికి పన్ను ఉండాలట. వచ్చే వారం పెట్టించుకుంటాను. నిన్న కియాపో మార్కెట్లో ఒకావిడ నన్ను చూసి పిల్లని వెనక్కి లాక్కుంది. పన్ను లేని నోటితో నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నీ తమ్ముడు,
ఫౌస్టినో


బులాన్
సెప్టెంబరు 21

తినోయ్‌కి,

బుట్ట నిండా పంపాను. ఆ కండక్టరు పేరు కనుక్కుని రాయి, మళ్ళీ మా స్టాండులోకి వస్తాడుగా.

ఎవరికీ చెప్పొద్దన్నావు. నీ మేనకోడలు మరిలెన్ నీ ఉత్తరం కొట్లో కూర్చుని పైకి చదివింది. బేరానికి నలుగురు నిలబడి ఉన్నారు. ఇంక నేను చెప్పడానికి ఏం మిగిలింది? సాయంత్రానికి ఫాదర్‌గారికి కూడా తెలిసిపోయింది.

నీకు తెలియనిది ఇక్కడ ఇంకొకటి జరిగింది. పోయిన ఆదివారం ఆర్నుల్ఫో వాళ్ళు మరిలెన్‌ని అడగడానికి వచ్చారు, పద్ధతి ప్రకారం బియ్యప్పిండి మిఠాయిలూ పంది తొడా పట్టుకుని. కుర్రాడు మంచివాడు, నోట్లోంచి మాట రాదు. తల్లీతండ్రీ లేకపోతే పెంచింది వాళ్ళ నాయనమ్మ, సిద్రా మామ్మ. కొబ్బరి తోటలన్నీ ఆవిడవే, మాట కూడా ఆవిడదే. ఫిబ్రవరిలో పెళ్ళి అనుకున్నాం. అంతా సవ్యంగా జరిగిపోతోంది అనుకునేసరికి ఆవిడ అడిగింది.

“తండ్రి లేని పిల్ల కదా, చర్చిలో పీఠం దాకా ఎవరు నడిపిస్తారు?”

“మా తమ్ముడండీ.”

“ఎవరూ, ఆ సినిమాలవాడా? కుదరదు.”

“అదంతా వేషం కదా మామ్మగారూ.”

“వేషమని నాకూ తెలుసమ్మా, నేనేం వెర్రిదాన్ని కాదు. నువ్వు పొద్దస్తమానం చేపలు ఆరబెడతావు. ఎంత సబ్బుతో రుద్దినా నీ చేతులకి ఆ వాసన పోతుందా? ఇరవై ఏళ్ళు మొహం అలా పెట్టుకుని బతికినవాడికి ఎంతో కొంత అంటకుండా ఉంటుందా?”

మరిలెన్ వంటింట్లోంచి వచ్చి, “మామయ్య నడిపించకపోతే నేను నడవనే నడవను” అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆర్నుల్ఫో మిఠాయి పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

అందుకే నీ వేషం సంగతి విని నా ప్రాణం లేచొచ్చింది. ఆ ముసలావిడ నిన్ను ఒక్కసారి మంచివాడిగా చూస్తే చాలు. పన్ను బాగా గట్టిగా పెట్టించుకో.

అక్క


లగూనా, షూటింగు నుంచి
అక్టోబరు 29

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. రోజూ ఎండలో పట్టాల మీద పని. నిజంగానే పని చేయిస్తున్నాడు లక్సమానా, అరచేతులు బొబ్బలెక్కాయి. నా కూతురిగా వేసే పిల్ల మారిస్సా. వాళ్ళమ్మ గొడుగు వేసుకుని షూటింగులో ఎప్పుడూ నాకూ దానికీ మధ్యలోనే కూర్చుంటుంది. మొదటి వారం నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తను తెచ్చుకున్న అన్నంలో నాకు కొంచెం పెడుతోంది.

నిన్న ఒక సీను తీశారు. పిల్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి కుట్టుపని మధ్యలో నేల మీదే నిద్రపోతుంది. నేను దుప్పటి కప్పాలి. అంతే, మాట కూడా లేదు. “ఎలా కప్పను?” అని అడిగితే, “మీకు తోచినట్టు కప్పండి” అన్నాడు. కప్పాను. కెమెరా ఆగాక మారిస్సా వాళ్ళమ్మ గొడుగు మూసేసి కళ్ళు తుడుచుకుంది. నేనేం చేశానో నాకు తెలియదు, మళ్ళీ చెయ్యమంటే చెయ్యలేను.

పండగ ముందు తారలని బళ్ళ మీద ఊరేగిస్తారు కదా. ఈసారి మా బండి మీద నాకూ చోటుందట. విలన్లని ఎప్పుడూ ఎక్కించరు, జనం తొక్కలు విసురుతారని.

సిద్రా మామ్మగారు చెప్పిన దాంట్లో తప్పేమీ నాకు కనపడలేదు. నేనూ అప్పుడప్పుడూ అద్దంలో చూసుకుని అదే అనుకుంటాను. అయినా మరిలెన్‌ని నడిపించాలని నాకూ ఉంది. దానికి చెప్పు.

తినోయ్


బులాన్
నవంబరు 13

తమ్ముడికి దీవెనలు.

ముసలావిడ ఒప్పుకుంది. పెళ్ళికి కాదు, సినిమాకి. వాకిట్లో చేపలు తిరగేస్తుంటే వచ్చి నిలబడింది. “మీ తమ్ముడు తండ్రి వేషం కట్టాడంటగా? నా కళ్ళతో చూస్తే గానీ నేను నమ్మను” అంది. “చూద్దురు గాని రండి” అన్నాను. రేపు ఎల్లుండిలో మనసు మార్చుకుంటుందని టిక్కెట్లు మాట్లాడేశాను. క్రిస్మస్ మర్నాడు తెల్లవారగట్ల బయల్దేరతాం, నేనూ మరిలెనూ ఆవిడా. నీ గదిలో ముగ్గురం సర్దుకుంటాం. నువ్వు దర్జీ కొట్లో పడుకో.

ఇక్కడ జనం ఊరుకోవడం లేదు. చేపలు కొనే ప్రతివాడూ “బ్రూనో గల్ మంచివాడైపోయాడంటగా” అంటాడు. నీ సినిమా పేరుతోనే పిలుస్తారు, నాకు చిరాకు. అయినా ఈసారి మాత్రం నవ్వుతూ అంటున్నారు.

మారిస్సా వాళ్ళమ్మకి కూడా ఒక బుట్ట తెస్తాను.

అక్క


మనీలా
డిసెంబరు 5

అక్కా,

క్రిస్మస్‌కి రావద్దు. పండగ రోజుల్లో ఇక్కడ జనం తొక్కిసలాట, టిక్కెట్లు దొరకవు. మా మేడ మెట్లు కూడా బాగుచేయిస్తున్నారు. పెద్దావిడతో కష్టం. జనవరిలో నేనే అటు వస్తాను. సినిమా గురించి ఇప్పుడేమీ రాయలేను. మామ్మగారికి ఏదో ఒకటి చెప్పు.

తినోయ్


బులాన్
డిసెంబరు 14

ఫౌస్టినోకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగు ముక్కలు రాశావు కాబట్టి ఎక్కువ సమయం పట్టలేదు.

మెట్లు బాగుచేయిస్తున్నారా? నేను రోజూ తెల్లారకముందే పడవల నుంచి తట్టలు మోసేదాన్ని, మెట్లు లేకపోతే గోడెక్కి వస్తాను. అసలు సంగతి అది కాదు, నాకు తెలుసు. మంచివాడి వేషం వచ్చింది, ఊరేగింపు బండి ఎక్కబోతున్నావు, పక్కన పెద్ద పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ మధ్యకి చేపల వాసనేసుకుని ఒక అక్కా, కొబ్బరితోట నుంచి ఒక ముసలావిడా దిగితే నీకు ముఖం చెల్లదు. ఆ మాటే రాస్తే సరిపోయేది. విలన్‌గా ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో నీ తరఫున దెబ్బలాడి నా గొంతు పోయింది. అప్పుడు మేము నీకు పనికొచ్చాం.

మరిలెన్‌కి నీ ఉత్తరం చూపించలేదు. మేము వస్తాం. నీ ఇంటికి రాము, భయపడకు. పాసాయ్‌లో ఆర్నుల్ఫో వాళ్ళ పిన్ని ఉంది. టిక్కెట్లు మేమే కొనుక్కుంటాం.

ఒలింపియా


మనీలా
డిసెంబరు 22

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. ఇది నీకు చేరేలోపు నువ్వు బస్సెక్కేస్తావేమో. పాసాయ్‌లో ఆ పిన్నిగారి ఇల్లెక్కడో నాకు తెలియదు. తెలిస్తే ఈ మాటలు వచ్చి చెప్పేవాణ్ణి. సిగ్గు నీ గురించి కాదు అక్కా.

నవంబరు ఆఖర్న సినిమాని ఒక హాల్లో కొంతమందికి వేసి చూపించారు. మామూలు జనం, మార్కెట్లోంచి పిలుచుకొచ్చారు. నేను వెనక కూర్చున్నాను. నేను తెర మీదకి రాగానే ఈలలు. అది మామూలే. తర్వాత ఆ దుప్పటి సీను వచ్చింది. నేను దుప్పటి పట్టుకుని పిల్ల దగ్గరికి నడుస్తుంటే ఎవరో “పారిపో పిల్లా” అని అరిచారు. హాలంతా అందుకుంది. ఆడవాళ్ళు కూడా. పిల్ల లేవకపోయేసరికి నవ్వులు. ఆ తర్వాత నేను ఏడ్చిన ప్రతిచోటా నవ్వారు. దొంగ ఏడుపు అనుకున్నారు.

డబ్బు పెట్టిన మేడమ్ మర్నాడే మమ్మల్ని పిలిపించింది. చెడ్డది కాదు, వరసగా రెండు సినిమాలు పోయి నష్టంలో ఉంది.

“నెస్తోర్, జనం ముందే తేల్చేశారు కదా. వాళ్ళు అనుకున్నదే ఇద్దాం. ఆఖర్న తండ్రే చంపాడని తేలుతుంది.”

“అలాగైతే మొదటి నుంచీ ఈయన చేసిందంతా అబద్ధం అయిపోతుంది మేడమ్.”

“అవుతుంది. జనం కూడా అదే అంటున్నారు.”

లక్సమానా వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు, తినకుండా. నేను చెయ్యనని అనొచ్చు. నా పొడవున్న ఇంకొకణ్ణి పెట్టి వెనక నుంచి తీసేస్తారు. అందుకని చేశాను. కొత్త ముగింపు తొందరగానే తీసేశారు. ఆ పని నాకు బాగా వచ్చు కదా, ఒక్కొక్క షాటు ఒక్కసారికే బాగా వచ్చింది. మారిస్సా వాళ్ళమ్మ మళ్ళీ గొడుగు విప్పింది.

నిన్న ఊరేగింపు. బండి ఎక్కించారు, చేతికి అట్టకత్తి ఇచ్చారు. నారింజ తొక్కలు పడ్డాయి, మొక్కజొన్న కంకి ఒకటి చెవి మీద తగిలింది. పక్క బండి మీద ప్రేమ జంటకి పువ్వులు పడుతున్నాయి. ఊరేగింపు పొడుగునా కత్తి ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది, భుజం లాగేస్తోంది. ఇంటికొచ్చి జ్వరం తెచ్చుకున్నాను.

అందుకని రావద్దన్నాను. సిద్రా మామ్మగారు దాన్ని చూడకూడదు. మరిలెన్ అసలు చూడకూడదు.

తినోయ్


బులాన్
1979 జనవరి 5

తమ్ముడూ,

నీ ఉత్తరం మేము తిరిగొచ్చిన మర్నాడు అందింది. సినిమా చూశాకే అందిందన్నమాట. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో ఆగితే మళ్ళీ రాయలేను.

అవెనీదా రోడ్డు మీద హాలు. మధ్యాహ్నం ఆట. హాలు సగం ఖాళీ. ముసలావిడని మధ్యలో కూర్చోబెట్టాం, చేతిలో జపమాల పెట్టుకుంది. నువ్వు వచ్చావు, ఈలలు వేశారు. మరిలెన్ నా చెయ్యి పట్టుకుంది. పట్టాల మీద నువ్వు సుత్తి ఎత్తుతుంటే మన నాన్న పడవ బాగుచేస్తున్నట్టే ఉంది, అంత వంగిపోయావు. నాకు గర్వంగానే ఉంది అప్పటిదాకా.

తర్వాత ఆ దుప్పటి. నువ్వు రాసినట్టే జనం అరిచారు, పారిపో పారిపో అని. ఇది నీకు చెప్పకుండా ఉండొచ్చు గానీ చెప్తాను. నాకూ భయం వేసింది తినోయ్. ఒక్క క్షణం. నువ్వు ఆ పిల్ల మీదకి వంగినప్పుడు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని నేను. అప్పుడు నువ్వు ముందు పాదాలు కప్పి, దుప్పటి అంచు మడమల కిందకి దోపి, ఆ తర్వాత భుజాల మీదకి లాగావు. తుఫాను వచ్చిన రాత్రుల్లో నాన్న మనకి అలాగే కప్పేవాడు, కాళ్ళు తడవకూడదని. అది చూశాక నేను తల ఎత్తలేకపోయాను. భయపడ్డందుకు.

ఆఖర్న నువ్వే చంపావని వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మరిలెన్ లేచి బయటికి వెళ్ళిపోయింది. ముసలావిడ దీపాలు వెలిగేదాకా కూర్చుని, జపమాల సంచిలో వేసుకుని, “పదండి” అంది. అంతే. నా పని అయిపోయింది అనుకున్నాను.

ఆ సాయంత్రం నేనొక్కదాన్నే సంత మేసా వచ్చాను. దర్జీ వాళ్ళావిడ “జ్వరంతో పడుకున్నాడు, పైకి వెళ్ళండి” అంది. మెట్లు చూశాను. ఎవరూ బాగుచేయించడం లేదు. అబద్ధం అని తెలిసి ఇంకా కోపం వచ్చింది, బుట్ట ఆవిడ చేతికిచ్చి వచ్చేశాను. నీ ఉత్తరం ముందే చేరి ఉంటే ఎక్కేదాన్ని.

తిరుగు బస్సు మధ్యాహ్నం గుమాకాలో భోజనాలకి ఆగింది. అక్కడ ముసలావిడ సూపులో అన్నం కలుపుకుంటూ అంది.

“ఆ కథ ఎవరో చెడగొట్టారు.”

“ఏమండీ?”

“ముందు పిల్ల కాళ్ళు కప్పినవాడు ఆఖర్న అలాంటి పని చెయ్యడు. అది అతకలేదు. నేను ఆరుగుర్ని కన్నాను, వాళ్ళ పిల్లల్ని పెంచాను. ఆ చెయ్యి వేషం కాదు. తర్వాత చేసిందంతా వేషం.”

మరిలెన్ ఏడవడం మొదలుపెట్టింది. “ఏడుపెందుకే, నీ మామయ్యకి ఫిబ్రవరిలో ఖాళీ ఉంటుందో లేదో కనుక్కో” అని ముసలావిడ చేప తల దాని పళ్ళెంలో వేసింది.

ఇదీ సంగతి. ఇప్పుడు నీ సంగతి రాయి. జ్వరం తగ్గిందా?

అక్క


మనీలా
జనవరి 18

అక్కా,

జ్వరం తగ్గింది. నువ్వు మెట్ల దాకా వచ్చి వెళ్ళిపోయావని దర్జీ వాళ్ళావిడ చెప్పింది. “మీ అక్కలా ఉంది, కోపంలో కూడా మీలాగే కనుబొమ లేపింది” అంది.

మీరు చూసిన రోజే మా సినిమాకి ఆఖరి రోజు. మర్నాటి నుంచి ఆ హాళ్ళలో హాస్యం సినిమా వేశారు. ముగింపు మార్చినా జనం రాలేదు. బహుమతుల రోజున మమ్మల్ని పిలిచారు గానీ ఎవరూ ఎక్కడా మా పేరెత్తలేదు. లక్సమానా సబ్బుల కంపెనీకి ప్రకటనలు తీసే ఉద్యోగంలో చేరాడు. నిన్న కలిశాడు. మొదటి ముగింపు రీళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. తెలియదన్నాడు, అడగడం మానేశానన్నాడు. ఇద్దరం నూడుల్స్ తిని ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

నాకు రెండు సినిమాలు వచ్చాయి. ఒకదాంట్లో బడి తగలబెడతాను. పన్ను మళ్ళీ తీసెయ్యమన్నారు. ఈసారి తీసి పెట్టుకునేది చేయించుకున్నాను.

పెళ్ళికి వస్తాను. కానీ వెనక బెంచీలో కూర్చుంటాను. మామ్మగారు జాలిపడి ఒప్పుకున్నారేమో, ఆ జాలి మీద పీఠం దాకా నడవడం నావల్ల కాదు. అందరూ పిల్లని వదిలి నన్ను చూస్తారు. అది మరిలెన్ రోజు. నువ్వు భయపడ్డందుకు నాకేం కోపం లేదు. భయపెట్టడమే కదా ఇన్నేళ్ళూ నేర్చుకున్నది. కానీ అక్కా, నాకు చాలా అలసటగా ఉంది. నిద్రపోయినా తీరడం లేదు.

తినోయ్


బులాన్
ఫిబ్రవరి 20

తినోయ్‌కి,

నువ్వు ఆదివారం పొద్దున్నే షూటింగుందని బస్సెక్కి వెళ్ళిపోయావు. నువ్వు నిద్రపోయినప్పుడు జరిగింది నీకు ఎవరూ చెప్పలేదు, అందుకని రాస్తున్నాను.

చర్చి దాకా నీకు తెలుసు. వెనక బెంచీలో కూర్చున్నావు. సిద్రా మామ్మ వచ్చి నీ చొక్కా చెయ్యి పట్టుకుని “లే” అంది. “మామ్మగారూ, నా మీద జాలితో వద్దండి” అన్నావు. “జాలా? నీ మీద నాకెందుకు జాలి? పిల్ల గుమ్మంలో ఎండలో నిలబడి ఉంది, దాని మీద జాలి” అంది. ఆ తర్వాత ఆవిడే నిన్ను గుమ్మం దాకా నడిపించింది, నువ్వు మరిలెన్‌ని నడిపించావు. జనం నిన్నే చూశారు, నిజమే. మొదట చూశారు. పీఠం దగ్గరికి వచ్చేసరికి పిల్లని చూడ్డం మొదలుపెట్టారు. ఆర్నుల్ఫో నోరు తెరిచి “అవును” అన్నది మాత్రం ఎవరికీ వినపడలేదు. ఫాదర్‌గారు మళ్ళీ అడగాల్సి వచ్చింది.

భోజనాలయ్యాక నువ్వు కనిపించలేదు. వెతికితే చేపల షెడ్డులో వలల మీద కొత్త చొక్కాతోనే పడి నిద్రపోతున్నావు. నోరు కొంచెం తెరిచి ఉంది, పన్ను జేబులో ఉంది. ఊళ్ళో పిల్లలంతా షెడ్డు చుట్టూ మూగారు. బ్రూనో గల్ నిద్రపోతుంటే చూడ్డానికి. ఒకడు పుల్లతో నీ కాలు పొడవబోయాడు.

సిద్రా మామ్మ తాటాకు విసనకర్ర పట్టుకొచ్చి షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. “పోండిరా అవతలికి. ఎన్నెన్ని చావులు చచ్చాడో పాపం, కాసేపు పడుకోనివ్వండి” అంది.

అప్పుడే బ్యాండువాళ్ళు వచ్చారు. షెడ్డు ముందు వాకిట్లోనే అందరూ నాట్యానికి లేచారు. ట్రంపెట్ వాడు నోటి దగ్గర పెట్టుకునేసరికి ఆవిడ విసనకర్ర అడ్డం పెట్టింది. వాడు నా వైపు చూశాడు, నేను మరిలెన్ వైపు చూశాను. మరిలెన్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అది చూసి ఆర్నుల్ఫో బూట్లు విప్పాడు. తర్వాత అందరూ విప్పారు, ఫాదర్‌గారు కూడా. నువ్వు లేచేదాకా పెళ్ళివారంతా ఉత్త కాళ్ళతో, పాట లేకుండా, చప్పుడు రాకుండా నాట్యం చేశారు.

అక్క